బొడ్డు చుట్టాలూ పద్నాలుగు టవర్లూ

ఎర్మెలిందా నోతెనో గురించి మా నది పొడుగునా రెండు మాటలు తిరుగుతున్నాయి. ఆమె చేతిలో పడ్డ తల్లి బతికి తీరుతుందని ఒకటి. ఆమె వల్లే ఒక పసిపిల్ల పోయిందని ఇంకొకటి. రెండూ చెప్పేది ఒకే జనం. పొద్దున చేపలు శుభ్రం చేస్తూ మొదటిది చెప్తారు, మధ్యాహ్నం మసాతో అనే కర్రపెండలం కల్లు తాగుతూ రెండోది చెప్తారు. వినీ వినీ ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. అసలు జరిగిందేమిటో పూర్తిగా తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆమె చెప్పదు. నేను ఇంతవరకూ చెప్పలేదు.

నా పేరు తియోఫిలో సాందీ. నాపో నది ఒడ్డున అగ్వాహాల్ అనే ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నాది. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, రేకుల కప్పు, ఒక మంచం, ఒక మందుల బీరువా. డాక్టరు ఉండడు. నేను నర్సుని, నేనే అన్నీ. అక్కణ్ణుంచి ఎగువకి చిన్న మోటారు పడవలో ఒక పూట ప్రయాణం చేస్తే శాన్ ఎలీసియో వస్తుంది. అక్కడి కేంద్రం ఎర్మెలిందాది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక సంచీ, ఒక గొడుగూ పట్టుకుని ఆమె ఆ రేవులో దిగింది. రెండేళ్ళు చేసి ఇకిటోస్ పట్నానికి బదిలీ పెట్టుకుందామనుకుంది. ఇరవై ఏళ్ళు ఉండిపోయింది. ప్రతి జనవరిలో కాగితం రాసేది. ప్రతి మార్చిలో జవాబు వచ్చేది, మీ స్థానంలోకి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదని.

పొట్టి మనిషి. ముందు పన్ను ఒకటి లేదు కాబట్టి నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. కాసేపు చూసేది, తర్వాత లేచి ఆ పని చేసేసేది. కుదరదు అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఎంత మంచిదో అనేవాళ్ళం. ఆ మంచితనాన్ని మేమంతా ఎలా పిండుకున్నామో తెలియాలంటే ముందు మా బొడ్డు చుట్టరికం సంగతి చెప్పాలి.

మా దగ్గర బిడ్డకు బొడ్డు కోసిన మనిషి ఆ బిడ్డకు రెండో తల్లి కింద లెక్క. బిడ్డను కన్నవాళ్ళు ఆమెను కొమాద్రె అంటారు, ఆమె ఆ తండ్రిని కొంపాద్రె అంటుంది. నిన్నటిదాకా నువ్వు అంటే నువ్వు అనుకున్నవాళ్ళు బొడ్డు కోసిన మర్నాటి నుంచి మీరు అనుకోవాలి. తగువు పెట్టుకోకూడదు. చేపలు పడితే వాటా పంపాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చుట్టం నోరు తెరిచి అడిగింది కాదనకూడదు. కాదంటే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని ముసలమ్మలు అంటారు. నేను చదువుకున్నవాణ్ణి, నమ్మను. అయినా నేనూ ఎవరినీ కాదనను.

మామూలు మనిషికి ఇలాంటి చుట్టాలు ముగ్గురో నలుగురో ఉంటారు. ఎర్మెలిందా ఉద్యోగమే పురుళ్ళు పోయడం. దూరాభారం అనుకోకుండా ఎగువకీ దిగువకీ పడవలో తిరిగేది. పురుడు పోసిన ప్రతి ఇల్లూ ఆమె మీద ఒక హక్కు సంపాదించుకుంది. నా కూతురు దాలియా బొడ్డు కోసిందీ ఆమే. మా దగ్గరికి టవర్లు వచ్చేనాటికి ఆమెకు అరవైమూడు ఇళ్ళతో ఈ చుట్టరికం ఉంది. అరవైమూడు ఇళ్ళలో ఎవరికీ ఆమె కాదని చెప్పలేదు. ఇది ఆమె జీతంలో భాగం కాదు, కానీ జీతం ఆగినా ఇది ఆగదు.

టవర్లు రెండువేల ఎనిమిదిలో వచ్చాయి. అంతకుముందు మా కేంద్రాలకు పాత రేడియో సెట్లు ఉండేవి. ఒకరు మాట్లాడితే నది మొత్తం వినేది. తర్వాత ఇకిటోస్ ఆసుపత్రి నుంచి ఎగువ సరిహద్దు దాకా పద్నాలుగు టవర్లు నిలబెట్టారు. ఒక టవరుకు ఇంకో టవరు కనపడాలి కాబట్టి అడవి చెట్లకన్నా ఎత్తు. ప్రతి టవరు మీదా ఒక డబ్బా, కింద సోలార్ పలకలు, బ్యాటరీలు. ఫోనులో మాటైనా, ఉత్తరమైనా, ఫొటో అయినా ఆ డబ్బాల మీదుగా చేతులు మారుతూ పోవాల్సిందే.

వాటిని పెట్టిన ఇంజినీరమ్మ ఫియొరెల్లా ఉగార్తె లీమా నుంచి వచ్చి, మమ్మల్ని బడిలో కూచోబెట్టి మూడు రోజులు పాఠం చెప్పింది. వేరేచోట్ల ఉండే డబ్బాలకు వచ్చిన మూటను పక్కవాడికి అందించడం తప్ప ఏమీ తెలియదట. మావి అలాంటివి కావట. మాటను మోసుకెళ్ళే మూట మీద ఒక చిన్న ఆజ్ఞ రాసి పంపితే, దారిలో ప్రతి డబ్బా దాన్ని చదువుతుంది. తన బ్యాటరీ ఎంతుందో, తన దగ్గర వాన ఎంతుందో చూసుకుని, అప్పటికి తగ్గట్టు నడుచుకుంటుంది. దారి ఇరుకైతే ఫొటోను చిన్నది చేస్తుంది, ఉత్తరాన్ని ఆపుతుంది, కబుర్ల ఫోనును ముక్కలు కానిస్తుంది. రోగి ముద్ర ఉన్న మాటను మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా మోస్తుంది. పదమూడు డబ్బాలు సరిగ్గా మోసి ఒక్కటి జారవిడిచినా ఆ మాట చేరనట్టే అని ఆమె పదేపదే చెప్పింది.

మాలో సగంమంది కునికిపాట్లు పడ్డాం. ఎర్మెలిందా ఒక్కతే చెయ్యెత్తి అడిగింది, ముద్ర ఉన్న మాట నిజంగా రోగిదో కాదో డబ్బాకు ఎలా తెలుస్తుందని. డబ్బాకు తెలియదు, ముద్ర వేసే మనిషికి తెలియాలి అంది ఇంజినీరమ్మ. ఆ సాయంత్రమే దారి మొత్తానికీ తాళం ఎర్మెలిందాకు ఇచ్చింది. తాళం అంటే ఏ మాటకైనా రోగి ముద్ర వేసే, ఏ డబ్బాకైనా కొత్త ఆజ్ఞ రాసి పంపే హక్కు. ఆమెది ఏడో టవరు, సరిగ్గా మధ్యది. మూడు రోజుల్లో ప్రశ్న అడిగిందీ ఆమె ఒక్కతే. అలా ఒక ఉద్యోగానికి ఇంకో ఉద్యోగం తోడై ఆమె మెడకు పడింది. తాళం ఉన్న మనిషి ఊరు వదలకూడదన్నారు. ఆ జనవరిలో ఆమె బదిలీ కాగితం రాయలేదు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. పొద్దున్నే తెర ముందు కూచుని, పిల్లల బరువులు చూసినంత శ్రద్ధగా పద్నాలుగు బ్యాటరీలూ చూసుకునేది. ఆజ్ఞలు రాయడం తనే నేర్చుకుంది. ఎక్కడ వాన పడితే ఏ డబ్బా ఏమేం వదులుకోవాలో, ఎంతలో సర్దుకోవాలో రాసి పంపేది. ఒక రాత చాలు, దానంతటదే టవరు నుంచి టవరుకు పాకి నది చివరిదాకా అమలయ్యేది. పాము కరిచినవాళ్ళను, వాంతులు ఆగని పిల్లలను, పట్నం డాక్టరు గొంతు వింటూ మా చేతులతో మేమే నిలబెట్టాం. మాట తెగకపోతే మనిషి బతుకుతాడు అనేది ఆమె. ఆమెకు అంతకుమించి సిద్ధాంతాలేవీ లేవు.

దాన్ని చెడగొట్టింది నేను.

దాలియా ఇకిటోస్‌లో టీచరు ట్రైనింగు చదువుతోంది అప్పుడు. ఒక ఆదివారం వానలో ఫోను చేస్తే దాని మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏడుస్తోందో, వాన చప్పుడో తెలియలేదు. నేను ఎర్మెలిందాను ఇంకా మూలనున్న పాత రేడియోలో పిలిచి ఒక్క పది నిమిషాలు ముద్ర వేయమన్నాను.

"దాలియాకి జ్వరమా, కొంపాద్రె?" అంది.

"జ్వరమేం లేదు. మాట వినపడట్లేదు. దారిలో ఇప్పుడు రోగులెవరూ లేరుగా, మనం ఎవరి నోటికాడది లాక్కుంటున్నాం?"

ఆమెకు కుదరదని చెప్పడం రాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"దాని బొడ్డు కోసిన చెయ్యేగా కొమాద్రె మీది. ఆ చేత్తోనే ఒక్క మీట నొక్కండి."

ముద్ర వేసింది. పిల్ల గొంతు పక్కగదిలో ఉన్నట్టు వినపడింది. హాస్టల్లో అన్నం ఉడకట్లేదట, అందుకు ఏడుపు. ఆరు టవర్లు తమ బ్యాటరీలు ఖర్చుపెట్టి ఆ ఉడకని అన్నం సంగతి నాకు మోసుకొచ్చాయి. నాకు మాత్రం ఆ పూట కడుపు నిండింది.

నేను అడిగింది పాత రేడియోలో. నది మొత్తం వింది. వచ్చే ఆదివారానికి ఇద్దరు అడిగారు, ఆ పై ఆదివారానికి తొమ్మిదిమంది. తియోఫిలోకి వేసిన ముద్ర మాకెందుకు వేయరు, మా బిడ్డ బొడ్డు బొడ్డు కాదా అన్నారు. ఒకావిడ పట్నంలో కోడలికి అరిటాకులో చేప కాల్చడం ఎలాగో రోగి ముద్ర మీద నేర్పింది. పదకొండో టవరున్న శాంటా ఔరెలియాలో అర్కిమెదెస్ దావా అని ఒకాయన, ప్రతి ఆదివారం పన్నెండింటికి అక్కడి కేంద్రం ఫోను దగ్గర కూచుని, తమ్ముడితో తన పడవ మోటారు రోగాలు గంటసేపు చెప్పుకునేవాడు. ఒక్కో పిలుపుకీ ఒక్కో ముద్ర వేయలేక ఎర్మెలిందా అలిసిపోయింది. ఒక రోజు కూచుని అరవైమూడు ఇళ్ళవాళ్ళు వాడే ఫోను నంబర్లన్నీ జాబితాగా రాసి, వీటికి ఎప్పుడూ రోగి ముద్ర ఉన్నట్టే చూడమని ఆజ్ఞ పంపింది. నిమిషంలో పద్నాలుగు డబ్బాలూ ఆ జాబితా నేర్చుకున్నాయి. యంత్రాలకు చుట్టరికం నేర్పిన మొదటి మనిషి బహుశా మా ఎర్మెలిందాయే. అప్పుడు మేం దీన్ని చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

ఆ ఏడాది చివర్లో ఇకిటోస్ ఆరోగ్య కార్యాలయం నుంచి ఒక పెద్ద పడవ నిండా దోమతెరలు, మందులు, ఐదుగురు మనుషులు దిగారు. కిందటేడు కన్నా రోగుల ఫోన్లు నాలుగింతలయ్యాయట, నదిలో ఏదో పెద్ద జబ్బు పాకుతోందని వాళ్ళ అనుమానం. ఊరూరా తిరిగి రక్తాలు తీశారు. జనమంతా దుక్కల్లా ఉన్నారు. నలుగురికి నులిపురుగులు దొరికాయి, అంతే. ఎర్మెలిందాను అడిగితే వానల్లో విరేచనాలు ఎక్కువయ్యాయి అని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పడం నేను మొదటిసారి చూశాను. చెప్పి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

అప్పటినుంచి ఆమెకు ఎటూ దారి లేదు. జాబితా సంగతి చెప్తే తాళం పోతుంది, ఉద్యోగం పోతుంది. బొడ్డు కోయించుకున్న ప్రతివాడికీ ముద్ర ఇచ్చే దారి మాకు వద్దని లీమావాళ్ళు మొత్తం ఎత్తేసినా ఎత్తేస్తారు. చెప్పకపోతే అందరిదీ రోగి మాటే కాబట్టి డబ్బాలు అందరినీ సమానంగా కోస్తున్నాయి, నిజం రోగి మాట కూడా నలుగుతోంది. ఒకసారి తెగించి అర్కిమెదెస్ మాట్లాడే ఆ ఆదివారం గంటకు ముద్ర తీసేసింది. ఆయన తగువేమీ పడలేదు. పడవేసుకుని రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చి, ఆమె మెట్ల మీద కూచున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. వచ్చే పోయే రోగులంతా చూస్తున్నారు. మూడో రోజున ఆమె ఆ గంటకు ముద్ర మళ్ళీ చేర్చింది. ఆయన లేచి టోపీ తీసి, దేవుడు మీకు మేలు చేస్తాడు కొమాద్రె అని వెళ్ళిపోయాడు.

జనవరిలో మళ్ళీ బదిలీ కాగితం రాసింది. చింపేసింది. కొత్తగా వచ్చే మనిషికి తాళం అప్పగించాలి, అప్పగిస్తే జాబితా కనపడుతుంది. పురుళ్ళకు పోవడం మానలేదు గాని, పోయినచోట ఇంట్లో ముసలమ్మనో పక్కింటావిడనో పిలిచి కత్తెర వాళ్ళ చేతిలో పెట్టేది, బొడ్డు మీరు కొయ్యండని. వాళ్ళు తీసుకునేవాళ్ళు కాదు. తాళం ఉన్న కొమాద్రె కావాలిగా అందరికీ. ఆ రోజుల్లో ఒకసారి నాతో అంది, పసిబిడ్డ ఏడుపు వింటే ఒకప్పుడు ఆనందం వేసేది కొంపాద్రె, ఇప్పుడు ఇంకో నంబరు అనిపిస్తోంది అని. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా, నా నంబరు తీసెయ్యండి అని మాత్రం అనలేదు. దాలియాకు పరీక్షలు.

ఇక ఆ ఆదివారం. మే నెల, నది నిండుగా ఉంది, మూడు రోజులుగా ఎండ మొహం లేదు. మా ఊళ్ళో యుదిత్ అనే పిల్లకు తొలికాన్పు నా చేతి మీదే అయింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. ఇంజెక్షను ఇచ్చాను, పొట్ట నొక్కాను. దుప్పటి తడిసిపోయింది, మంచం కింద మడుగు కట్టింది. లోపల మావి ముక్క మిగిలిపోయిందని అనుమానం. దాన్ని చేత్తో తీయడం నేనెప్పుడూ చేయలేదు. పట్నానికి పడవలో రోజున్నర. ఆసుపత్రికి ఫోను చేస్తే డాక్టరమ్మ దొరికింది. ఆమె నాలుగు మాటలు చెప్తే నాకు ఒకటి చేరుతోంది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండుంపావు. నది మొత్తం రోగి ముద్ర మీద కబుర్లాడే సమయం.

రక్తం చేతులతోనే పాత రేడియో అందుకున్నాను.

"కొమాద్రె, యుదిత్ పోతోంది. డాక్టరు మాట నాకు కావాలి. ఇప్పుడే కావాలి."

"ముద్ర ఉందిగా మీకు."

"అందరికీ ఉంది."

ఆ తర్వాత ఆమె ఏం చేసిందో తానే నాకు చెప్పింది. ఆమె కేంద్రంలో అప్పుడు ముగ్గురు చుట్టాలు ఫోను కోసం బెంచీ మీద కూచుని ఉన్నారు. వాళ్ళ ఎదుటే ఆమె తెర ముందు కూచుంది. ముద్ర ఎత్తేస్తే నాదీ పోతుంది. కేంద్రాల నంబర్లు వదిలి మిగతావి తీద్దామంటే, కేంద్రాల ఫోన్లలోనే సగం కబుర్లు నడుస్తున్నాయి. ఒక్కొక్కటే ఏరడానికి సమయం లేదు. గంటసేపు అగ్వాహాల్ నంబరుకు ఒక్కదానికే దారి, మిగతావన్నీ ఆగాలి అని ఆజ్ఞ రాసింది. పంపబోయేముందు తెర మీద ఒకసారి చూసింది. శాంటా ఔరెలియా కేంద్రం ఫోనులో మాట నడుస్తూనే ఉంది. ఆదివారం ఆ వేళకు ఆ ఫోను ఎవరిదో నదిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. పంపేసింది.

డాక్టరమ్మ గొంతు నా చెవిలో ఊపిరితో సహా వినపడింది. చెయ్యి ఎలా మడవాలో, ఎంతదాకా పోవాలో, ఎక్కడ ఆగాలో అడుగడుగునా చెప్పింది. ముక్క బయటికొచ్చింది. రక్తం తగ్గింది. యుదిత్ కళ్ళు తెరిచి దాహం అంది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంత సంతోషం నా జన్మలో లేదు. రేడియోలో ఎర్మెలిందాకు చెప్పాను, ఆమె ఏడ్చింది. ఇక దారి తెరవండి అన్నాను.

ఆమె ఆజ్ఞ రద్దు చేస్తూ ఇంకో ఆజ్ఞ పంపింది. అది కదల్లేదు. అగ్వాహాల్ నంబరుకు తప్ప ఎవరికీ దారి లేదని మొదటి ఆజ్ఞలో రాసింది కదా. తనకు దారి పెట్టుకోలేదు. ఆత్రంలో మర్చిపోయిందని విచారణలో అన్నారు. నాకు తెలుసు, మర్చిపోవడం కాదు. తనకు కూడా ఒకటి కావాలని ఆమెకు ఎప్పుడూ తోచదు. డబ్బాలు ఆమె రాసింది రాసినట్టు పాటించాయి, ఆమె రద్దు ఉత్తరాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టాయి. గంట గంటా పూర్తిగా గడిచింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోనులో కబురు తెలిసింది. ఆ ఆదివారం శాంటా ఔరెలియాలో ఫోను దగ్గర ఉన్నది అర్కిమెదెస్ కాదు. మర్సియానా అనే ఆమె రెండేళ్ళ కూతురు లుసీలాకు ఫిట్స్ వచ్చి ఆగలేదు. అర్కిమెదెస్ తనే ఫోను పెట్టేసి లేచి చోటిచ్చాడు. అక్కడి నర్సుకు మరో డాక్టరు మందు ఎంత ఇవ్వాలో చెప్తూ ఉండగా మాట తెగిపోయింది. వాళ్ళ పాత రేడియో పాడై ఏడాది దాటింది. నర్సు గంటసేపు ఫోను కొట్టీ కొట్టీ, చివరికి తోచినంత ఇచ్చాడు. పిల్ల దక్కలేదు. మందు తక్కువైందా, ఎక్కువైందా, మాట తెగకపోయినా పోయేదా, ఎవరికీ తెలియదు. లుసీలా బొడ్డు కోసింది ఎర్మెలిందాయే.

రెండు వారాలకు ఇంజినీరమ్మా, ఆరోగ్య కార్యాలయం పెద్దాయనా వచ్చి శాన్ ఎలీసియో బడిలో అందర్నీ కూచోబెట్టారు. తెర మీద జాబితా చూపించి, ఇది ఎవరి పని అన్నారు. బెంచీల నిండా ఆ జాబితాలో ఉన్నవాళ్ళమే. ఎర్మెలిందా లేచి నాదే అంది. ఎవరు అడిగితే చేశావని అడిగారు. ఎవరూ అడగలేదు, నాకే తోచింది అంది. నేను రెండో వరసలో ఉన్నాను. మొదట అడిగింది నేనండీ అని చెప్పడానికి లేవబోయాను. నిజానికి లేవబోలేదు. లేవాలి అనుకున్నాను, అంతే. ఉద్యోగం, దాలియా ఆఖరి ఏడాది, ఇలాంటివన్నీ తలలో తిరిగాయి. ఇంజినీరమ్మ ఏమీ తిట్టలేదు. ముద్ర వేసే మనిషికి తెలియాలని నేనే చెప్పాను, ఆ మనిషి ఎవరి మధ్య బతుకుతోందో నేను అడగలేదు అని తనలో తను అనుకున్నట్టు అంది.

ఇరవై ఏళ్ళు అడిగినా రాని బదిలీ ఆమెకు శిక్షగా వచ్చింది. ఇకిటోస్ కార్యాలయంలో సిరంజీల గోడౌన్‌కు కాపలా. తాళం నాకిచ్చారు. యుదిత్‌ను బతికించిన నర్సు కదా, నమ్మకస్తుడని.

తాళం చేతికొచ్చిన రోజే జాబితా మొత్తం చెరిపేశాను. నన్ను తిట్టనివాడు లేడు. ఎర్మెలిందాను పంపేసి కుర్చీ ఎక్కాడని అన్నారు. యుదిత్ మొగుడు, వాళ్ళ బిడ్డ బొడ్డు నేను కోయడంతో నాకు కొంపాద్రె అయినవాడు, వాళ్ళమ్మతో మాట్లాడాలి పది నిమిషాలు అని వచ్చి మెట్ల మీద కూచున్నాడు. కూచోనిచ్చాను. ఇప్పుడు నేనూ ఊరు వదలకూడదు. పెళ్ళికి వెళ్ళను, చావుకి వెళ్ళను, తెర ముందు నుంచి కదలను. ఆమె ఈ కుర్చీలో ఎలా కూచునేదో నాకు రోజూ తెలుస్తోంది.

నవంబరులో ఒక వాన మధ్యాహ్నం ఆమె ఇకిటోస్ నుంచి ఫోను చేసింది. గొంతు తెగుతూ అతుకుతూ వచ్చింది. మర్సియానాతో మాట్లాడాలట. ఇన్ని నెలలూ ధైర్యం చాల్లేదట, ఈ రోజు మర్సియానాయే కేంద్రానికి వచ్చి మాట్లాడతానని కబురు పెట్టిందట.

"ముక్కలు ముక్కలుగా చెప్పే మాట కాదు కొంపాద్రె అది. ఒక్క అయిదు నిమిషాలు ముద్ర వేస్తారా?"

ఆమెను ఎరిగిన ఇన్నేళ్ళలో తన కోసం ఏదైనా అడగడం అదే మొదలు. తెర మీద చూశాను. పద్నాలుగు టవర్లలో ఎక్కడా ఒక్క రోగి లేడు. దారి ఖాళీగా ఉంది. నేను దాలియా కోసం అడిగిన రోజు కూడా అలాగే ఖాళీగా ఉంది.

"కుదరదు, కొమాద్రె," అన్నాను.

మీట మీద నుంచి చెయ్యి తీసేశాను.

"ఆ మాట ఆ రోజు నేను మీతో అనుండాల్సింది," అంది ఆమె. గొంతులో కోపం లేదు. నాకు కోపమే ఉంటే బాగుండును అనిపించింది.

నాలుగో రోజు ఎగువకు పోయే పడవ మా రేవులో ఆగింది. కిటికీలోంచి చూస్తే ఆమె అందులో ఉంది, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని మూటల మధ్య కూచుని. మర్సియానా ఉండే శాంటా ఔరెలియాకు ఇంకా మూడు రోజుల ప్రయాణం. పరిగెత్తుకెళ్ళి, మొదట అడిగింది నేనని మర్సియానాకు చెప్పండి అనాలనుకున్నాను. అప్పుడు తొమ్మిదో టవరు నుంచి ఒక రోగి మాట నడుస్తోంది. అది అయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. అయ్యేసరికి పడవ వెళ్ళిపోయింది.